థర్జా అమ్మమ్మ విప్పిన జడలు

పెర్రీ ఆష్ ఊళ్ళో వసంతంలో పూసే పసుపు డాఫొడిల్ పూలు వాడిపోయాక మిగతా ఇళ్ళవాళ్ళు తోటపనికి కాస్త విరామం ఇస్తే, థర్జా అమ్మమ్మ మాత్రం గౌను చేతులు పైకి మడిచి, మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, అసలు పని అప్పుడు మొదలుపెట్టేది. పువ్వు పోయినా ఆకులు మిగులుతాయి కదా. ఉల్లికాడల్లా పొడుగ్గా ఉండే ఆ ఆకులు వారం వారం సోలిపోతూ, చివర్లు పసుపెక్కుతూ, తాగొచ్చిన మగవాళ్ళలా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అవి అలా పడి ఉండగా అమ్మమ్మకి తిండి సహించేది కాదు.

అందుకని ప్రతి కుదురునీ మూడు పాయలు చేసి, జడ అల్లి, చివర మడిచి నారతో ముడి వేసేది. ఒక ముడి పెద్దది, ఒకటి చిన్నది అయితే రెండూ విప్పి మళ్ళీ మొదటికి వచ్చేది. మే నెల నడిమికి ఇంటి ముందు మడి మొత్తం, బడి ఫోటోకి నిలబెట్టిన ఆడపిల్లల వరసలా తయారయ్యేది. ఆ ఇంటి మీదుగానే చర్చికి దారి. ఆదివారం పూట వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవారు. చూడకుండా వెళ్ళేవాళ్ళని అమ్మమ్మే ఆపేది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి ఆ అల్లిక నేర్పింది ఆవిడే.

భర్త ఆంబ్రోస్ మాత్రం తన తల మీద చెయ్యి వేసుకుని, "నేను ఎక్కువసేపు కూర్చుంటే నాకూ వేస్తుంది" అనేవాడు. ఆయనకి జుట్టు లేక చాలా ఏళ్ళయింది.

గోడకి అవతల కెజ్జీ టజ్ ఉండేది. అమ్మమ్మా ఆవిడా ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు. తర్వాత ఒకరు చర్చికి, ఒకరు చాపెల్‌కి, అంటే వేరే శాఖవాళ్ళ చిన్న ప్రార్థనామందిరానికి, వెళ్ళేవాళ్ళయ్యారు. ఆ ఊళ్ళో అది చిన్న తేడా కాదు. చర్చివాళ్ళు చాపెల్‌వాళ్ళ దుకాణంలో వెన్న కొనేవారు కానీ, బావుందని మాత్రం అనేవారు కాదు. కెజ్జీకి ఆరుగురు పిల్లలు. ఊరివాళ్ళ బట్టలు ఉతికి బతికేది. ఆవిడ తోటలో ఏ మొక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆవిడకే తెలియదు. డాఫొడిల్ ఆకుల సంగతి దేవుడికే వదిలేసేది.

ఒకసారి అమ్మమ్మ గోడ మీదుగా సలహా ఇచ్చింది. "ఒసే కెజ్జీ, ఒక్క పూట కూర్చుంటే అయిపోతుందే. నేనొచ్చి చూపిస్తాను."

"నలుగురు ఆడపిల్లలకి రోజూ పొద్దున్నే జడలు వేసి పంపిస్తున్నాను తల్లీ. ఇంక పువ్వులకి కూడా వెయ్యమంటావా? వాటికి పేలు పడినప్పుడు చెప్పు, అప్పుడు చూస్తాను" అంది కెజ్జీ.

ఆ తర్వాత అమ్మమ్మ సలహా ఇవ్వడం మానేసింది. కానీ గోడ మీదుగా చూసి నిట్టూర్చడం మానలేదు.

అమ్మమ్మ గొప్పంతా తల్లుల ఆదివారం నాడు తెలిసేది. ఈస్టర్‌కి కొన్ని వారాల ముందు వచ్చే ఆ ఆదివారం, చర్చిలో పిల్లలందరికీ ఒక్కో పూలగుత్తి పంచుతారు. పిల్లలు వాటిని తీసుకెళ్ళి వాళ్ళ అమ్మలకి ఇస్తారు. ఆ డాఫొడిల్ గుత్తులు అమ్మమ్మ పెళ్ళైన కొత్తల్లో ఒకసారి ఇచ్చింది. మరుసటి ఏడు కూడా ఇచ్చింది. యుద్ధం వచ్చినా, పంచదార రేషన్ అయినా, గుత్తులు మాత్రం ఆగలేదు. చివరికి ఊళ్ళో వాటి పేరే 'ప్రాబర్ట్ గుత్తులు' అయిపోయింది. ప్రాబర్ట్ ఆంబ్రోస్ ఇంటిపేరు. గుత్తులతో ఆయనకున్న సంబంధం అంతవరకే.

అయితే కొన్నేళ్ళుగా పూలు తగ్గుతూ వచ్చాయి. ముందు గుత్తికి ఎనిమిది, పది పెట్టేది. తర్వాత అయిదు పెట్టి, చుట్టూ ఐవీ తీగ ఆకులు దట్టంగా చేర్చేది. తర్వాత ఐవీ ఆకులే ఎక్కువయ్యాయి. అమ్మమ్మ ఎలుకల్ని అనుమానించింది. కెజ్జీ కోళ్ళని, కెజ్జీ సబ్బునీళ్ళని, ఆంబ్రోస్ పైపులోంచి రాలే బూడిదని కూడా అనుమానించింది. తనని తప్ప అందర్నీ అనుమానించాక, నేల మీద కోపం వచ్చి బండెడు ఎముకల పొడి ఎరువు తెచ్చి చల్లింది.

ఆ వసంతంలో మడి పచ్చగా, ఏపుగా లేచింది. ఆకులే ఆకులు. మొగ్గ మాత్రం కనబడదు. అమ్మమ్మ వేళ్ళతో ఒక్కో కుదురు విడదీసి వెతికింది. ఇదిగో మొగ్గ అనుకున్నదల్లా ఆకు చివరే అయింది. మడి మొత్తానికీ మూలన ఓ నాలుగు పూలు వచ్చాయి, అవి కూడా గోడ సందులోంచి కెజ్జీ వైపుకి మొహం పెట్టి.

"గొడ్డుపోయింది మడి" అంది లోపలికొచ్చి.

తల్లుల ఆదివారానికి వారం కూడా లేదు. ఆంబ్రోస్ పైపు తీసి, "పట్నంలో బజారులో దొరుకుతాయేమో" అన్నాడు.

"కొన్న పూలా? ప్రాబర్ట్ గుత్తుల్లోనా?"

"పోనీ, ఈ ఏడు లేవని చెప్పెయ్."

"పిల్లలు ఖాళీ చేతులతో వాళ్ళ అమ్మల దగ్గరికి వెళ్ళాలా?"

ఆంబ్రోస్ పైపు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. కిటికీలోంచి కెజ్జీ పెరడు కనబడుతుంది. అక్కడ పసుపు పూలు, ఎవరో బుట్టలు బుట్టలుగా ఒంపేసినట్టు, బట్టల తాళ్ళ కిందంతా నిండి ఉన్నాయి.

అమ్మమ్మ మంచి టోపీ పెట్టుకుని వీధి గుమ్మం వైపు నుంచి వెళ్ళింది. కెజ్జీ ఉతికే గదిలో మోచేతుల దాకా నురగతో ఉంది.

"ఏమే థర్జా, టోపీ పెట్టుకొచ్చావు? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. పూలు బాగా వచ్చాయే నీకు."

"వచ్చాయి."

"చాలా వచ్చాయి."

"అవును, చాలానే వచ్చాయి. పొగడటానికి వస్తే ఆ పీట మీద కూర్చో. ఏదైనా అడగడానికి వస్తే ఈ దుప్పటి ఆ కొస పట్టుకో, పిండాలి."

అమ్మమ్మ కాసేపు పీట వంక చూసింది. తర్వాత దుప్పటి కొస పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు మెలితిప్పారు. నీళ్ళు కారాయి. ఆ ధారలో అమ్మమ్మ బూట్లు తడిశాయి. "గుత్తులకి పూలు కావాలి" అంది అటు తిరిగి.

కెజ్జీ దుప్పటి వదల్లేదు. "నావి చాపెల్ పూలు కదమ్మా. మీ చర్చిలోకి వస్తే మీ పాస్టరు గారికి తుమ్ములు రావూ?"

"కడిగి తీసుకెళ్తాలే."

కెజ్జీకి నవ్వాగలేదు. నవ్వు అయిపోయాక మాత్రం గట్టిగా చెప్పింది. "కోసుకుపో. ఎన్ని కావాలంటే అన్ని. కానీ ప్రాబర్ట్ గుత్తులు అనకూడదు. ఇవి కెజ్జీ టజ్ పెరట్లోవి అని అందరి ముందూ చెప్పాలి. పాస్టరు గారితో చెప్పిస్తే కుదరదు. నువ్వే చెప్పాలి."

ఆదివారం నాడు పాస్టరు లిడియట్ గారు ఎప్పటిలాగే కళ్ళజోడు సర్దుకుని, "ఏటేటా మన పిల్లలకి పూలిచ్చే శ్రీమతి ప్రాబర్ట్ గారికి..." అని మొదలుపెట్టారు. అమ్మమ్మ మూడో వరసలో లేచి నిలబడింది. ప్రార్థన మధ్యలో అలా లేచినవాళ్ళు ఆ ఊళ్ళో అంతకుముందు ఒక్కరే, అదీ కందిరీగ కుట్టి.

"నావి కాదండీ" అంది. ఆంబ్రోస్ ఆవిడ కోటు అంచు పట్టుకున్నాడు, కూర్చోబెట్టడానికో నిలబెట్టడానికో ఆయనకే తెలియదు. "కెజ్జీ టజ్‌వి. నాకు ఈ ఏడు ఒక్క గుత్తికీ సరిపడా పూలు రాలేదు." చెప్పేసి కూర్చుంది. పిల్లలు ఎవరి పూలైతే ఏమిటన్నట్టు గుత్తులు లాక్కుని పరుగెత్తారు.

పరువు పోయిందని ఇంకొకరైతే వారం రోజులు తలుపేసుకునేవారు. అమ్మమ్మ మర్నాడే గోడ దగ్గర ఉంది. "ఏం వేస్తావే వాటికి?"

"ఏమీ వెయ్యను."

"నీళ్ళు?"

"వానొస్తే పడతాయి."

"మరి ఏం చేస్తావు?"

"మర్చిపోతాను."

అమ్మమ్మకి ఇంతకంటే కోపం తెప్పించే జవాబు ఇంకోటి లేదు. పూలన్నీ అయిపోయాక ఓ మధ్యాహ్నం, కెజ్జీ బట్టలివ్వడానికి వెళ్ళిందనుకుని, తాపీలాంటి చిన్న పార పట్టుకుని గోడ మీద నుంచి వంగి ఒక డాఫొడిల్ గడ్డ తవ్వింది.

ఉతికే గదిలోంచి కేక వినిపించింది. "దొంగతనానికి వచ్చేటప్పుడు టోపీ తీసేసి రావాలే థర్జా! దారి మలుపు నుంచే కనబడుతున్నావు!"

అమ్మమ్మ గడ్డ వదల్లేదు. వంటింటి బల్ల మీద తన గడ్డ ఒకటి, కెజ్జీది ఒకటి పక్కపక్కన పెట్టింది. కెజ్జీ గడ్డ గుప్పెడంత ఉండి, పక్కన రెండు పిల్ల గడ్డల్ని చంకనేసుకుని ఉంది. అమ్మమ్మది వెల్లుల్లి రెబ్బకి కాస్త పెద్దన్నలా ఉంది.

"ఎముకల పొడి వేసింది నేను. బలిసింది దానిదా?"

ఆంబ్రోస్ రెండు గడ్డల్నీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉల్లి ఆకులకి జడలు ఎందుకు వెయ్యవు నువ్వు?" అన్నాడు.

"నీకేమైనా మతి పోయిందా? పచ్చగా ఉండగా ఆకు విరిస్తే గడ్డ ఎక్కడ ఊరుతుంది..." అంటూ మధ్యలో ఆగిపోయింది అమ్మమ్మ. తన మాట తనకే వినిపించింది. ఉల్లి మడిలో ఆకు తనంతట తను ఎండి వాలేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆకు ఎండ తాగితేనే కింద గడ్డ ఊరుతుందని ఆ ఊళ్ళో పసివాళ్ళకి కూడా తెలుసు. కానీ పువ్వు పూసే దుంప కూడా దుంపే అని, ఇంటి వెనక మడికి ఉన్న న్యాయం ఇంటి ముందు మడికీ ఉంటుందని, ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకి తట్టలేదు. పూసి అలిసిపోయి, వచ్చే ఏటికి కూడబెట్టుకుందామని ఆకులు చాపితే, ఆవిడ వాటిని మెలితిప్పి, మడిచి, ముడి వేసింది. ఏటా, శ్రద్ధగా.

ఆ సాయంత్రం నార చుట్ట తీసి బీరువా మీదకి గిరాటేసింది.

ఇక ఆ మే నెల అమ్మమ్మకి గడవడం కష్టమైపోయింది. ఆకులు సోలిపోతున్నాయి. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు. చేతులు దురద పెడుతున్నాయి. అరుగు మీద కూర్చుంటే వేళ్ళు వాటంతటవే శాలువా కుచ్చుల్ని మూడు పాయలు చేస్తున్నాయి. ఆంబ్రోస్ పిల్లి తోక జడలా ఎందుకు మెలిపడిందో ఎవరూ అడగలేదు.

ఆకుల్ని ముట్టుకోకూడదు, అవి కనబడకూడదు. అయితే కప్పాలి. అమ్మమ్మ పూనుకుంటే బద్ధకాన్ని కూడా కష్టపడి సాధించే మనిషి. ముందు నీలిరంగు చిన్నపూల మొక్కలు తెచ్చి మధ్యమధ్య నాటింది. డాఫొడిల్ ఆకులు ఎండే సమయానికే అవి కూడా ఎండి, ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు ఇంటికి మోసుకెళ్తున్నట్టు తయారయ్యాయి. అక్క ఇంటి నుంచి పియోనీ అనే పెద్దపూల మొక్క దుబ్బు తెస్తే, అది చోటు మారినందుకు అలిగి ఆకు విప్పనంది.

అప్పుడు గోడ మీదుగా చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. కెజ్జీ పెరట్లో ఎండిన డాఫొడిల్ ఆకు ఒక్కటీ లేదు. ఆ గుట్టలన్నీ ఏమయ్యాయి? అమ్మమ్మ ఈసారి టోపీ తీసేసి, గోడ మీదికి పొట్ట ఆనించి చూసింది. ఆకులు అక్కడే ఉన్నాయి. కొంగముక్కు అని పిలిచే మొక్క వాటి మీద గొడుగులా విప్పుకుని ఉంది. డాఫొడిల్ పూసేటప్పుడు అది నేలని కరుచుకుని, పిడికిలి ముడుచుకుని, ఎవరి దారికీ అడ్డం రాకుండా ఉంటుంది. పూసినవాళ్ళు అలిసి పడుకునేసరికి లేచి, గుండ్రటి ఆకులు పరిచి, బాలింతకి దుప్పటి కప్పినట్టు కప్పేస్తుంది. పైన ఊదా నీలం పూలు పూసి, కింద ఎవరున్నారో ఎవరికీ తెలియనివ్వదు.

"ఇది నాటావా?"

"నేనా? దానంతటదే వచ్చింది. పీకే తీరిక లేక వదిలేశా" అంది కెజ్జీ.

"నాక్కొంచెం కావాలి."

"మళ్ళీ చర్చిలో చెప్తావా?" అంటూనే తోపుడు బండి నిండా దుబ్బులు తవ్వి గోడ మీద నుంచి అందించింది.

అమ్మమ్మ వాటిని కుదురు కుదురుకీ మధ్య పెట్టింది. ముందు వరసలో, ఆకు మీద వాన బొట్టు ముత్యంలా నిలిచే పొట్టి మొక్కలు పెట్టింది. వెనక వరసలో, పువ్వు ఒక్క పూటకే వాడిపోయే ఒక్కరోజు లిల్లీలు పెట్టింది. వాటి ఆకులు అచ్చం డాఫొడిల్ ఆకుల్లాగే పొడుగ్గా ఉంటాయి, ఇవి ఎండుతుంటే అవి పచ్చగా లేస్తాయి, చూసేవాడి కన్ను మోసపోతుంది. అయితే కాలం కాని కాలంలో నాటిన కొంగముక్కు ఎండకి వాడి, మెడలు వేలేసింది. ఆ మడి చూస్తే, పక్కబట్టలు సర్దని మంచంలా ఉంది. రోజూ రెండు పూటలా నీళ్ళు మోసి పోస్తూ, "లేస్తాయి, లేస్తాయి" అని గొణుక్కునేది.

లేచేలోపే ఊళ్ళో ఆడవాళ్ళు జాలిపడ్డారు. థర్జా పెద్దదైపోయింది, నడుం వంగడం లేదు, ఆ పరువు పోయిన రోజు నుంచి మనిషి తోట వదిలేసింది అనుకున్నారు. ఓ మంగళవారం అమ్మమ్మ బస్సెక్కి పట్నం వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాస్టరు గారి భార్య, మరో అయిదారుగురు ఆడవాళ్ళు ముందరి అరుగు మీద టీ కెటిల్‌తో, వెలిగిపోతున్న మొహాలతో కూర్చుని ఉన్నారు.

మడి మొత్తం జడలు. ఒక్కటీ వంకర లేదు.

"మీకు చెప్పకుండా చేద్దామనుకున్నామండీ" అంది పాస్టరు గారి భార్య. "మీరు నేర్పిన పనే కదా. మీ నడుం బాగయ్యేదాకా ఏటా మేమే వచ్చి అల్లుతాం. మధ్యలో ఏదో వాడిపోయిన కలుపు ఉంటే అదీ పీకేశాం." ఎరువు గుంట మీద కొంగముక్కు దుబ్బులు వేళ్ళు పైకి పెట్టి పడి ఉన్నాయి.

అమ్మమ్మ సంచీ కింద పెట్టింది. థాంక్స్ చెప్పి, టీ తాగి, కేకు తిని, వాళ్ళు వెళ్ళాక మెల్లగా విప్పుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేర్పిన పేరు నిలిచేది, మడీ బతికేది. ఆ మాత్రం తెలివి అమ్మమ్మకి దండిగా ఉంది. అయినా గోనెపట్టా కూడా వేసుకోకుండా అలాగే మంచి గౌనుతో మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి జడ ముడి విప్పింది.

"అయ్యో, సరిగ్గా రాలేదా?"

"చాలా బాగా వచ్చాయి. నాకంటే బాగా అల్లారు. అదే కదమ్మా నా ఏడుపు."

"మరి ఎందుకు విప్పుతున్నారు?"

"ఎందుకంటే నేను మీకు నేర్పింది తప్పు" అంది అమ్మమ్మ, తల ఎత్తకుండా. "అవి ఆకులతోనే తింటాయి. ఇన్నేళ్ళూ నేను వాటి నోళ్ళు కట్టేశాను. మీ చేత మీ ఇళ్ళల్లో కూడా కట్టించాను. నా మడి గొడ్డుపోయింది ఎలుకల వల్ల కాదు, నా వల్ల."

వాళ్ళల్లో ఉన్న పోస్టు మాస్టరు భార్య నెమ్మదిగా, "అందుకేనా మా ఇంట్లో మూడేళ్ళ నుంచి పూలు రావడం లేదు?" అంది.

"అందుకే."

"మీరు చెప్పారని మా అత్తగారి మడిక్కూడా అల్లానే!"

"వెళ్ళి విప్పుకో. ఆవిడకి నా పేరు చెప్పి నన్ను తిట్టించు. కానీ ముందు వచ్చి ఈ వరస పట్టుకో, పొద్దు పోతోంది."

అప్పటికే గోడ అవతల కెజ్జీ నవ్వలేక నవ్వలేక బట్టల బుట్టలో కూలబడింది. కాసేపటికి లేచి, చాపెల్ మనిషి కాబట్టి ఎవర్నీ పలకరించకుండానే లోపలికొచ్చి, ఎరువు గుంట మీద నుంచి కొంగముక్కు దుబ్బులు ఏరుకొచ్చి ఒక్కొక్కటే మళ్ళీ పాతడం మొదలుపెట్టింది. పాస్టరు గారి భార్య చేతి తొడుగులు తీసేసి ఆవిడ పక్కన కూర్చుంది. చీకటి పడే వేళకి మడి మొత్తం జుట్టు విరబోసుకుని, చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉండాలో అంత అసహ్యంగా ఉంది. అమ్మమ్మ నడుం పట్టుకుని లేచి, "ఇప్పుడు బావుంది" అంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో ఆంబ్రోస్ ఒక్కడికే తెలుసు.

మరుసటి వసంతంలో మడిలో అక్కడొకటి ఇక్కడొకటి పూసింది. గుత్తులన్నీ కెజ్జీ పూలే. అమ్మమ్మ చర్చిలో లేచి ఆ మాట మళ్ళీ చెప్పింది, ఈసారి కాస్త గట్టిగానే. ఆ పై వసంతంలో సగం నిండింది. ఆ తర్వాతి ఏడు కొంగముక్కు మోకాలెత్తు పెరిగి, లిల్లీలు దుబ్బు కట్టి, వాటికి ముందే లేచిన డాఫొడిల్‌లు మడి పట్టనంతగా పూశాయి. గాలి వస్తే దారి మీదికి ఒరిగి, చర్చికి వెళ్ళేవాళ్ళ కోట్లకి పుప్పొడి అంటించాయి. ఊళ్ళో పిల్లలందరికీ రెండేసి గుత్తులు ఇచ్చినా మిగిలేన్ని.

తల్లుల ఆదివారానికి ముందు రోజు అమ్మమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ వెనక డాఫొడిల్ మడి మొత్తం పసుప్పచ్చగా మండుతోంది.

"కెజ్జీ, ఈ ఏడు కూడా నాకు చాల్లేదే. ఓ రెండు బుట్టలు నీవి ఇస్తావా?"

కెజ్జీ అమ్మమ్మ మొహం చూసింది. భుజం మీదుగా మడి చూసింది. మళ్ళీ మొహం చూసింది. తన జన్మలో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అదేనని అమ్మమ్మ తర్వాత చెప్పుకునేది. ఆ మాటతో కలిపితే రెండు.

"అయ్యో, చాల్లేదా పాపం" అంది కెజ్జీ. "ఉండు, కత్తెర తెస్తాను."